ఇంట్లోని యూపీఎస్‌కు బ్యాటరీ మార్చడం: అనుమానం మొదలు ఆఖరి పరీక్ష దాకా

కరెంటు పోయింది. యూపీఎస్ ఉంది కదా అని ధీమాగా కూర్చుంటే, అది ఒక్క బీప్ కొట్టి ఆరిపోయింది, దాంతోపాటే కంప్యూటరూ. ఇలా జరిగితే చాలామంది కొత్త యూపీఎస్ కోసం వెతకడం మొదలుపెడతారు, పాతది అటకెక్కుతుంది. కానీ అందులో చెడింది చాలాసార్లు ఒక్క బ్యాటరీయే. లోపలి సర్క్యూటు పదేళ్లయినా నడవగలదు. బ్యాటరీ మాత్రం మామూలుగా 3 నుంచి 5 ఏళ్లలో అరిగిపోతుంది, సైకిల్‌కు టైర్లు అరిగినట్టు. టైరు అరిగిందని ఎవరూ సైకిల్‌ను పారేయరు కదా.

స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చినవాళ్లు గంటలో చేసుకోగల పని ఇది. తొందరపడితే మాత్రం చెయ్యి కాలచ్చు, బోర్డు మాడచ్చు. అందుకే ఏం చేయాలో చెప్పడంతోపాటు ఎందుకు అలా చేయాలో కూడా చెబుతాను. కారణం తెలిస్తే, మీ మోడల్ నేను చెప్పినదానికి కాస్త తేడాగా ఉన్నా మీరే సర్దుకోగలరు.

ఇక్కడ చెప్పేదంతా కంప్యూటర్ పక్కనో రూటర్ పక్కనో పెట్టుకునే చిన్న యూపీఎస్‌ల గురించి. అంటే 500 నుంచి 1500 వీఏ (యూపీఎస్ సైజు చెప్పడానికి పెట్టె మీద వేసే కొలత) వరకు ఉండే, ఒకటో రెండో సీల్డ్ బ్యాటరీలున్న పెట్టెలు. నీళ్లు పోసే పెద్ద బ్యాటరీల ఇన్వర్టర్ల సంగతి వేరు. నాలుగు, ఆరు బ్యాటరీలు వరసగా కలిపి ఉండే పెద్ద యూపీఎస్‌లను టెక్నీషియన్‌కే వదిలేయండి. అక్కడ బ్యాటరీ వోల్టేజీయే ప్రాణం మీదికి తేగలదు.

## లోపం బ్యాటరీదేనా?

ముందు ఇది తేల్చుకోవాలి. లేకపోతే కొత్త బ్యాటరీ వేశాక కూడా కథ మొదటికొస్తుంది.

బ్యాటరీ ముసలిదైందని చెప్పే గుర్తులు కొన్ని ఉన్నాయి. కరెంటు ఉన్నా యూపీఎస్ గంటకోసారో, పూటకోసారో బీప్ కొడుతుంది. బ్యాటరీ మార్చమనే లైటు వెలుగుతుంది. ఇరవై నిమిషాలు వచ్చే బ్యాకప్ రెండు నిమిషాలకు పడిపోతుంది. కొన్ని మోడళ్లయితే బ్యాటరీ పూర్తిగా చచ్చాక, కరెంటు ఉన్నా సరే ఆన్ కావు. పెట్టె ఒక పక్క మామూలు కంటే ఎక్కువ వేడిగా ఉన్నా, మూత ఉబ్బినట్టు కనిపించినా ఇంకా పరీక్షలు చేస్తూ కూర్చోవద్దు. వెంటనే ఆపి ప్లగ్గు తీసేయండి.

ఈ గుర్తులు ఏవీ లేకుండా కూడా బ్యాటరీ చచ్చి ఉండచ్చు. మల్టీమీటర్ పెట్టి చూస్తే 13.5 వోల్టులు చూపిస్తుంది, చూసేవాళ్లు బాగానే ఉందనుకుంటారు. పూడిక నిండిన చెరువును గుర్తుచేసుకోండి. గట్టు దాకా నీళ్లు కనిపిస్తాయి, దిగితే మోకాలి లోతు ఉండదు. ముసలి బ్యాటరీ వోల్టేజీ కూడా అంతే. అది నీటి మట్టాన్ని చూపిస్తుందే తప్ప లోతును చూపించదు. లోతు తెలియాలంటే నీళ్లు తోడాలి, అంటే లోడు పెట్టాలి. ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగతా పని సగం తేలికవుతుంది.

లోడు పరీక్ష ఇలా చేయండి. యూపీఎస్‌ను కనీసం 8 గంటలు ఛార్జింగ్‌లో ఉంచండి. కంప్యూటర్, రూటర్ అన్నీ తీసేసి, ఆరిపోయినా నష్టం లేని ఒక టేబుల్ ల్యాంపు పెట్టండి. 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఉంటే మంచిది, ఎంత లోడు పెట్టామో కచ్చితంగా తెలుస్తుంది. ఇప్పుడు గోడ సాకెట్ స్విచ్చి ఆపండి. ప్లగ్గు పీకకండి. స్విచ్చి ఆపితే ఎర్తింగ్ అలాగే ఉంటుంది, ప్లగ్గు పీకితే అదీ పోతుంది. స్విచ్చి లేని సాకెట్ అయితే యూపీఎస్‌ను స్విచ్చి ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి పరీక్షించండి. అంత చిన్న లోడుకే రెండు మూడు నిమిషాల్లో చేతులెత్తేస్తే బ్యాటరీ పని అయిపోయినట్టే.

ల్యాంపుతో బాగానే నడిచి, మీ మామూలు సామాను పెడితే మాత్రం వెంటనే ఆరిపోతోందా? అప్పుడు రెండు కారణాలు ఉండచ్చు: బ్యాటరీ సగం చచ్చి ఉండాలి, లేదా యూపీఎస్ మోయలేనంత లోడు మీరు పెట్టి ఉండాలి. వెనకాల అతికించిన లేబుల్ మీద వాట్ల సంఖ్య చూడండి. వీఏ చూసి లెక్క వేసుకోకండి, 600 వీఏ అని రాసిన పెట్టె 360 వాట్లే మోయచ్చు. లేజర్ ప్రింటర్ ఏదైనా బ్యాకప్ సాకెట్‌కు తగిలించి ఉంటే ముందు అది తీసేయండి. అది వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటు చిన్న యూపీఎస్‌లు తట్టుకోలేవు.

## లోపల ఏం జరుగుతుంది

1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే సీసం పలకలను యాసిడ్‌లో ముంచి చేసిన బ్యాటరీకి మన యూపీఎస్‌లోది వారసురాలే. తేడా ఏమిటంటే ఇందులో యాసిడ్ గలగలలాడదు. పలకల మధ్య గాజు నూలు పొరలుంటాయి, యాసిడ్‌ను అవి పీల్చుకుని ఉంటాయి. అందుకే దీన్ని ఏజీఎం అనీ, వీఆర్‌ఎల్‌ఏ అనీ, సింపుల్‌గా సీల్డ్ బ్యాటరీ అనీ అంటారు. 12 వోల్టుల బ్యాటరీలో రెండేసి వోల్టుల సెల్స్ ఆరు ఉంటాయి.

యూపీఎస్ ఈ బ్యాటరీని రాత్రీ పగలూ 13.5 నుంచి 13.8 వోల్టుల దగ్గర నిండుగా ఉంచుతుంది. ఇలా ఏళ్ల తరబడి ఛార్జింగ్ మీదే ఉండటంతో ప్లస్ పలకల్లోని సీసపు జాలీ మెల్లగా తుప్పు పడుతుంది, లోపలి తేమ కొద్దికొద్దిగా తగ్గుతుంది. బ్యాటరీ పూర్తిగా దిగిపోయి అలాగే రోజుల తరబడి ఉంటే పలకల మీద సల్ఫేటు స్ఫటికాలు గట్టిపడతాయి, అవి మళ్లీ కరగవు. చెరువులో చేరే పూడిక ఇదే.

వీటన్నిటినీ తొందరపెట్టేది వేడి. 25 డిగ్రీల మీద ప్రతి 8 నుంచి 10 డిగ్రీలకూ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందని లెక్క. బీరువా వెనకో, టీవీ స్టాండు లోపలో గాలాడని చోట యూపీఎస్‌ను కుక్కితే ఐదేళ్ల బ్యాటరీ రెండేళ్లకే పోతుంది. మీ పాత బ్యాటరీ మరీ త్వరగా పోయిందనిపిస్తే కంపెనీని తిట్టే ముందు యూపీఎస్ ఎక్కడ ఉందో చూడండి.

## సరైన బ్యాటరీ ఎంచుకోవడం

పాత బ్యాటరీ బయటికి తీసి, దాని మీద రాసింది చదివాకే కొత్తది కొనండి. యూపీఎస్ మోడల్ నంబరు చూసి అంచనాతో కొంటే, ఒకే మోడల్‌లో వేర్వేరు బ్యాటరీలు వేసిన సందర్భాల్లో దెబ్బతింటారు. తీయడం ఎలాగో కింద చెప్పాను, ముందు అది చదివి మళ్లీ ఇక్కడికి రండి.

మొదట వోల్టులు. ఇందులో బేరాలు లేవు, 12 ఉంటే 12 వేయాలి, 6 ఉంటే 6. తర్వాత కొలతలు. చిన్న యూపీఎస్‌లలో ఎక్కువగా కనిపించే 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ సామర్థ్యం చెప్పే సంఖ్య) బ్యాటరీ 151 మిల్లీమీటర్ల పొడవు, 65 వెడల్పు, 94 ఎత్తు ఉంటుంది, టెర్మినల్‌తో కలిపితే ఎత్తు దాదాపు 100. ఇదే సైజు డబ్బాలో 9 ఏహెచ్ కూడా దొరుకుతుంది. 7 తీసి 9 వేయచ్చా అని చాలామంది అడుగుతారు. సైజు, వోల్టులు, టెర్మినల్ ఒకటే అయితే వేయచ్చు. నిండడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది, బ్యాకప్ కొంచెం పెరుగుతుంది. 9 ఉన్నచోట 7 మాత్రం వేయకండి.

టెర్మినల్ దగ్గర చాలామంది పొరబడతారు. చప్పటి రేకులాంటి టెర్మినళ్లు రెండు రకాలు: 4.75 మిల్లీమీటర్ల వెడల్పుండేది ఎఫ్1, 6.35 ఉండేది ఎఫ్2. ఎఫ్1 వైరు లగ్గు (వైరు చివర ఉండే ఇత్తడి తొడుగు) ఎఫ్2 టెర్మినల్‌కు ఎక్కదు. ఎఫ్2 లగ్గు ఎఫ్1 మీద ఎక్కుతుంది గానీ వదులుగా ఉంటుంది, లోడు పడ్డప్పుడు అక్కడ వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. ప్లస్, మైనస్ టెర్మినళ్లు ఏ పక్కన ఉన్నాయో కూడా పాతదానితో పోల్చుకోండి. వైరు పొట్టిదైతే అటూ ఇటూ మారినప్పుడు అందదు.

ఇక ఏహెచ్ సంఖ్య గురించి. 7 ఏహెచ్ అంటే 20 గంటల పాటు 0.35 ఆంపియర్ల చొప్పున ఇవ్వగలదని అర్థం. మీ యూపీఎస్ మీద 200 వాట్ల లోడు ఉంటే ఒక్క 12 వోల్టుల బ్యాటరీ నుంచి దాదాపు 20 ఆంపియర్లు లాగుతుంది. మామూలు లెక్క ప్రకారం 21 నిమిషాలు రావాలి. నిజంగా వచ్చేది 10 నిమిషాల లోపే. ఎంత వేగంగా తోడితే అంత తక్కువ దక్కడం లెడ్ యాసిడ్, అంటే సీసం పలకల బ్యాటరీల స్వభావం. అందుకే యూపీఎస్‌లకు హై రేట్ బ్యాటరీలని వేరే తయారు చేస్తారు. వాటి మీద ఏహెచ్‌కు బదులు, లేదా దాంతోపాటు, 34 వాట్లు అన్నట్టుగా ఒక్కో సెల్ ఇచ్చే శక్తి రాసి ఉంటుంది. ఎమర్జెన్సీ లైట్లు, అలారం పెట్టెల కోసం చేసిన మామూలు బ్యాటరీ కూడా యూపీఎస్‌లో పనిచేస్తుంది, కానీ త్వరగా అలసిపోతుంది. రెండూ దొరికితే హై రేట్‌దే తీసుకోండి. దాని కోసం పెట్టే అదనపు డబ్బు వృథా కాదని నా అభిప్రాయం.

కొనేటప్పుడు తయారీ తేదీ అడిగి చూడండి. సీల్డ్ బ్యాటరీ వాడకుండా ఉంచినా నెలకు సుమారు 3 శాతం చొప్పున దిగిపోతుంది. ఆరు నెలలకు మించి ఛార్జింగ్ లేకుండా అరలో ఉన్నది కొత్తదే అయినా తాజాది కాదు. ఒకసారి నేను తేదీ చూడకుండా ఒకటి తెచ్చుకున్నాను. మెరిసే లేబుల్, సీల్ కూడా విప్పలేదు. మీటరు పెడితే 11.6 వోల్టులు. వేసి చూస్తే పాతదానికంటే రెండు నిమిషాలు మాత్రమే ఎక్కువ నడిచింది. అప్పటి నుంచి కొత్త బ్యాటరీ చేతికి రాగానే మీటరు పెట్టి చూస్తాను. 12.7 దాటి ఉంటే సంతోషం. 12.4 దగ్గర ఉంటే చాలాకాలం అరలో ఉందని అర్థం. 12 లోపు ఉంటే వెనక్కి ఇచ్చేయడమే. ఇక్కడ మీటరు ఉపయోగపడేది చెడ్డదాన్ని పక్కన పెట్టడానికే, మంచిదని సర్టిఫికెట్ ఇవ్వడానికి కాదు.

బరువు కూడా చూడండి. సామర్థ్యం ఉండేది సీసంలోనే, సీసానికి బరువుంటుంది. 7 ఏహెచ్ బ్యాటరీ 2 కిలోలకు కాస్త పైనే తూగాలి. కిలోన్నర తూగే డబ్బా మీద ఎన్ని ఏహెచ్ అని రాసి ఉన్నా నమ్మకండి.

రెండు బ్యాటరీలున్న యూపీఎస్ అయితే రెండూ ఒకేసారి, ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి, వీలైతే ఒకే తేదీవి వేయాలి. ఒకటి బాగానే ఉంది కదా అని ఒక్కటే మారిస్తే, కరెంటు పోయినప్పుడు పాతది ముందు ఖాళీ అవుతుంది, కొత్తది దాన్ని ఇంకా కిందికి లాగుతుంది. ఛార్జింగ్ అప్పుడు పాతది సరిగా తీసుకోదు, వోల్టేజీ కొత్తదాని మీద ఎక్కువ పడుతుంది. చివరికి రెండూ పోతాయి.

## చేయి పెట్టే ముందు

కావలసినవి తక్కువే. ఒక స్టార్ స్క్రూడ్రైవర్, ముక్కు సన్నగా ఉన్న ప్లేయర్, ఇన్సులేషన్ టేప్, ఒక మల్టీమీటర్, ఫోటోలు తీయడానికి ఫోన్. ప్లేయర్ పిడికే ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, ఇనుప భాగం బయటే ఉంటుంది. కొన మాత్రం వదిలి, మిగతా ఇనుముకు టేప్ చుట్టేయండి.

ఉంగరాలు, గడియారం, గాజులు, మెడలో గొలుసు తీసి పక్కన పెట్టండి. ఇది మాటవరసకు చెప్పడం లేదు. 12 వోల్టులు షాక్ కొట్టవు కాబట్టి చాలామందికి దాని మీద భయం ఉండదు. కానీ ఈ చిన్న డబ్బా రెండు టెర్మినళ్లు షార్ట్ అయితే ఆ క్షణంలో వందల ఆంపియర్లు పారతాయి. మధ్యలో ఉంగరం ఉంటే అది ఎర్రగా కాలుతుంది, వేలి నుంచి తీసేంత టైమ్ ఉండదు.

రెండోది మరింత ముఖ్యం. కొన్ని యూపీఎస్‌లలో బ్యాటరీ వైర్లు మెయిన్స్ కరెంటు నుంచి పూర్తిగా విడిగా ఉండవు. ప్లగ్గు పెట్టి ఉండగా బ్యాటరీ టెర్మినల్ ముట్టుకుంటే 12 వోల్టులకు బదులు గోడలోని కరెంటే తగలచ్చు. నడుస్తుండగానే బ్యాటరీ మార్చుకోవచ్చని కొన్ని మోడళ్ల మాన్యువల్‌లో రాసి ఉంటుంది. రాసి ఉన్నా, ఇంట్లో ఆ అవసరం లేదు. ఐదు నిమిషాలు ఇంటర్నెట్ ఆగితే ఏమీ కాదు.

## పాతదాన్ని తీయడం

కంప్యూటర్‌ను మామూలుగా షట్‌డౌన్ చేయండి. ఆ తర్వాత ఈ వరసే పాటించండి: ముందు యూపీఎస్ బటన్ నొక్కి ఆపాలి, తర్వాతే గోడ నుంచి ప్లగ్గు తీయాలి. తిరగేసి చేస్తే యూపీఎస్ కరెంటు పోయిందనుకుని బ్యాటరీ మీద నడవడం మొదలుపెడుతుంది, వెనక సాకెట్లలో కరెంటు ఉంటుంది. ప్లగ్గు తీశాక తగిలించిన వైర్లన్నీ, యూఎస్‌బీ కేబుల్‌తో సహా, తీసేయండి. ఏది ఎక్కడిదో ముందే ఒక ఫోటో తీసుకుంటే తర్వాత వెతుక్కోనక్కర్లేదు.

యూపీఎస్‌ను బల్ల మీద ఒక దళసరి గుడ్డ పరిచి పెట్టండి. తలకిందులు చేసేటప్పుడు జాగ్రత్త, లోపల ట్రాన్స్‌ఫార్మర్, బ్యాటరీ కలిసి బరువంతా ఒక వైపే ఉంటుంది.

మీ పెట్టె రెండు రకాల్లో ఒకటి. అడుగునో ముందువైపునో జరిపితే ఊడివచ్చే మూత ఉంటే, అది ఇంట్లో మార్చుకునేందుకే చేసిన మోడల్. మూత జరిపితే బ్యాటరీ నేరుగా కనిపిస్తుంది. అలాంటి మూత లేకపోతే స్క్రూలు విప్పి మొత్తం డొల్ల తెరవాలి. స్క్రూలు ఒక్కోసారి రబ్బరు కాళ్ల కింద, స్టిక్కర్ల కింద దాగి ఉంటాయి. డొల్ల తెరిచే రకంలో సర్క్యూట్ బోర్డు కూడా బయటపడుతుంది. అందులోని కెపాసిటర్లలో ప్లగ్గు తీశాక కూడా కరెంటు నిలిచి ఉంటుంది. బోర్డును దేనితోనూ తాకకండి. పై మూతకు, బోర్డుకు మధ్య లైట్ల వైరు ఉండచ్చు, కాబట్టి మూతను ఒక్కసారిగా లాగకుండా కొంచెం ఎత్తి తొంగి చూడండి.

బ్యాటరీ కనిపించగానే మళ్లీ ఫోటో. ఎర్ర వైరు ఎటు, నల్ల వైరు ఎటు, వైరు ఏ పక్క నుంచి తిరిగి వచ్చింది, అన్నీ కనిపించేలా రెండు మూడు తీయండి. వైరు రంగులను గుడ్డిగా నమ్మకండి. బ్యాటరీ మీద అచ్చు వేసి ఉన్న ప్లస్, మైనస్ గుర్తులే ప్రమాణం.

ముందు నల్ల వైరు, అంటే మైనస్ తీయండి. ప్లేయర్‌తో లగ్గును, అంటే వైరు చివరి ఇత్తడి తొడుగును పట్టుకుని, అటూ ఇటూ కొద్దిగా కదుపుతూ లాగండి. వైరు పట్టుకుని లాగద్దు. మొదట్లో నేను అలాగే లాగాను. లగ్గు ఊడి రాలేదు గానీ లోపల వైరు పోగులు సగం తెగాయి. పైకి ఏమీ తెలియలేదు. కొత్త బ్యాటరీ వేసిన నెలకు కరెంటు పోయినప్పుడు ఆ చోట వేడెక్కి తొడుగు కరిగిన వాసన వచ్చింది. కొన్ని లగ్గులకు మధ్యలో చిన్న నొక్కు ఉంటుంది, దాన్ని నొక్కితే సులువుగా వస్తుంది. వచ్చిన వెంటనే ఆ టెర్మినల్ మీద టేప్ అంటించి, అప్పుడు ఎర్ర వైరు వైపు వెళ్లండి. ఒక్కసారికి ఒక్క టెర్మినలే, ఒక్క చేతిలో ఒక్క పనిముట్టే.

రెండు వైర్లూ వచ్చాక యూపీఎస్ ఆన్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు చాలావరకు దిగిపోతుంది.

బ్యాటరీ ఉబ్బి ఇరుక్కుపోతే ఏం చేయాలి? స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించే ఆలోచన వద్దే వద్దు. బ్యాటరీ గోడ పగిలితే యాసిడ్ బయటికి వస్తుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని, డొల్ల స్క్రూలు ఇంకేమైనా ఉంటే అవీ విప్పి, డొల్లనే దూరంగా జరపండి. బ్యాటరీ వెచ్చగా ఉంటే పూర్తిగా చల్లబడే దాకా ఆగండి. కుళ్లిన గుడ్ల వాసన వస్తే అసలు ముట్టుకోకండి. బాగా వేడెక్కిన బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వాసన అది, విషపూరితం. గోడ దగ్గర కరెంటు ఆపి, కిటికీలు తెరిచి, గది బయటికి వెళ్లండి. యాసిడ్ చుక్క చర్మం మీద పడితే ధారాళంగా నీళ్లతో కడగాలి. కంట్లో పడితే పావుగంటకు తగ్గకుండా కడుగుతూ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. నేల మీద పడితే వంటసోడా చల్లి, నురుగు ఆగాక తుడవచ్చు.

## జంట బ్యాటరీల ప్యాక్

24 వోల్టుల యూపీఎస్‌లలో రెండు బ్యాటరీలను వీపులు ఆనించి, మీద స్టిక్కర్ అంటించి, ఒకే కనెక్టర్‌తో ప్యాక్‌లా చేసి ఉంటారు. ఇలాంటి ప్యాక్ పూర్తిగా కొత్తదే కొనాలేమో అనిపిస్తుంది. అక్కర్లేదు. స్టిక్కర్ మెల్లగా ఊడదీసి, వైర్లు, కనెక్టర్ దాచుకుని, లోపలి రెండు బ్యాటరీలు మాత్రం కొత్తవి వేయచ్చు.

విప్పే ముందు ఒక కాగితం మీద బొమ్మ గీసుకోండి. ఒక బ్యాటరీ ప్లస్ నుంచి రెండోదాని మైనస్‌కు పొట్టి వైరు ఉంటుంది, దాన్నే జంపర్ అంటారు. మిగిలిన ప్లస్, మిగిలిన మైనస్ కనెక్టర్‌కు వెళ్తాయి. కొన్ని ప్యాక్‌లలో జంపర్ మధ్యలో ఫ్యూజు ఉంటుంది, దాన్ని పారేయకుండా అదే వాడాలి. కొత్త బ్యాటరీలను పాతవి ఉన్న తీరులోనే ఆనించి, మంచి డబుల్ టేప్‌తో అతికించి, వైర్లు తగిలించండి. ప్యాక్‌ను యూపీఎస్‌లో పెట్టే ముందు కనెక్టర్ చివర మీటరు పెట్టి చూడండి. 25 వోల్టులకు పైన, ప్లస్ వైపు ప్లస్ చూపించాలి. 12 చూపిస్తే జంపర్ తప్పు చోట పడింది. సున్నా చూపిస్తే ఏదో ఒక లగ్గు సరిగా ఎక్కలేదు, లేదా ఒక బ్యాటరీ తిరగబడింది. మైనస్ గుర్తు కనిపిస్తే, ముందు మీటరు వైర్లు మీరే తిప్పి పెట్టారేమో చూసుకుని, కాకపోతే ప్యాక్ మళ్లీ విప్పండి. ఈ అర నిమిషం పరీక్ష బోర్డును కాపాడుతుంది. తిరగబడిన ప్లస్ మైనస్‌లతో తగిలిస్తే ఫ్యూజుతో పోతే అదృష్టం, చాలాసార్లు బోర్డే పోతుంది.

## కొత్తదాన్ని పెట్టడం

తీసిన వరస తిరగేయడమే. బ్యాటరీని పాతది ఉన్న దిశలోనే కూర్చోబెట్టి, ముందు ఎర్ర వైరు ప్లస్‌కు, తర్వాత నల్ల వైరు మైనస్‌కు. లగ్గు పూర్తిగా లోపలికి వెళ్లేదాకా నొక్కండి. వెళ్లాక వేలితో కదిపితే ఊగకూడదు. వదులుగా ఉంటే తీసి, ప్లేయర్‌తో లగ్గు అంచులను కొంచెం నొక్కి మళ్లీ పెట్టండి.

ఆఖరి వైరు తగిలేటప్పుడు చిటుక్కుమని చిన్న నిప్పురవ్వ వస్తుంది. యూపీఎస్‌లోని ఖాళీ కెపాసిటర్లు ఒక్కసారిగా నిండటం వల్ల వస్తుంది అది, టెన్షన్ పడకండి. భయపడి వైరును తాకించి తీసి, తాకించి తీసి చేస్తేనే టెర్మినల్ కాలుతుంది. ఒక్కసారిగా, గట్టిగా తోయండి. రవ్వ ఆగకుండా వస్తున్నా, వైరు వేడెక్కుతున్నా మాత్రం వెంటనే తీసి, ప్లస్ మైనస్ మళ్లీ చూసుకోండి.

వైరు ఎక్కడా మూత కింద నలగకుండా సర్ది స్క్రూలు బిగించండి. టేప్ ముక్క మీద ఈ రోజు తేదీ రాసి పెట్టె పైన అంటించండి. మూడేళ్ల తర్వాత మీకే దాని విలువ తెలుస్తుంది.

ఇప్పుడు ప్లగ్గు పెట్టి ఆన్ చేయండి. బ్యాటరీ పెట్టగానే ఆన్ కాలేదని కంగారు పడక్కర్లేదు, కొన్ని మోడళ్లు గోడ కరెంటు అందితేనే లేస్తాయి.

## ఛార్జింగ్, ఆపై పరీక్ష

లోడు ఏమీ పెట్టకుండా కనీసం 8 గంటలు, కుదిరితే పూర్తిగా ఒక రోజు ఛార్జింగ్‌లో ఉంచండి. మొదటి గంటలో రెండు మూడు సార్లు పెట్టె మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే మామూలే. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే ఆపేయండి.

నిండాక, మొదట్లో చెప్పిన ల్యాంపు పరీక్షే మళ్లీ చేయండి. తర్వాత మీ మామూలు సామాను పెట్టి, ఫైళ్లన్నీ సేవ్ చేసుకుని, స్విచ్చి ఆపి ఎంతసేపు వస్తుందో గడియారం పెట్టి చూడండి. మొత్తం ఖాళీ అయ్యేదాకా నడపక్కర్లేదు. సగం దాకా చూసి, ఆ నిమిషాలు కూడా తేదీ పక్కనే రాయండి. ఆరు నెలలకోసారి ఇలాగే చూస్తే, కరెంటు పోయిన రోజున తెలుసుకోవాల్సిన సంగతి మీకు ముందే తెలుస్తుంది. అయితే ఈ పరీక్ష వారం వారం చేయకండి, ప్రతిసారీ బ్యాటరీ ఆయుష్షులోంచే కొంత ఖర్చవుతుంది.

కంప్యూటర్‌కు కేబుల్‌తో కలిపే యూపీఎస్ అయితే ఇంకో పని ఉంది. పాత బ్యాటరీ బలహీనతను అది గుర్తుపెట్టుకుని ఉండచ్చు, కొత్తది వేసినా మిగిలింది మూడు నిమిషాలే అని చూపించి కంప్యూటర్‌ను తొందరగా ఆపేస్తుంది. దాని సాఫ్ట్‌వేర్‌లో కాలిబ్రేషన్ అనే ఎంపిక ఉంటే ఒకసారి నడపండి. బ్యాటరీ మార్చిన తేదీ అడిగితే అదీ మార్చండి. సెల్ఫ్ టెస్ట్ బటన్ ఉన్నవాటిలో అది నొక్కితే చాలాసార్లు ఎర్ర లైటు తనే ఆరుతుంది.

అంతా సరిగ్గానే చేసినా లైటు ఆరకపోతే ముందు లగ్గులు, తర్వాత ఫ్యూజు, ఆ తర్వాత ఛార్జర్ చూడాలి. ఛార్జర్ పరీక్షకు మీటరు క్లిప్పులను ప్లగ్గు తీసి ఉన్నప్పుడే బ్యాటరీకి తగిలించండి. చేతులు తీశాక ప్లగ్గు పెట్టి అంకె చదవండి. ఒక రోజు ఛార్జింగ్ తర్వాత 12 వోల్టుల బ్యాటరీ దగ్గర 13.5 నుంచి 13.8, జంట దగ్గర 27 నుంచి 27.6 ప్రాంతంలో ఉండాలి. ఒక్క బ్యాటరీ దగ్గరే 14.5 దాటి అలాగే నిలబడితే మీ పాత బ్యాటరీని చంపింది ఛార్జరే, కొత్తదాన్నీ చంపుతుంది. 12.8 దగ్గరే ఆగిపోతే అసలు ఛార్జింగే జరగడం లేదు. ఈ రెండింట్లో ఏది కనిపించినా ఆ యూపీఎస్ టెక్నీషియన్ దగ్గరికి వెళ్లాల్సిందే.

## లిథియం వేస్తే? కారు బ్యాటరీ తగిలిస్తే?

అదే సైజులో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు దొరుకుతున్నాయి. తేలిక, ఆయుష్షు ఎక్కువ. ఆశపడటం సహజమే. కానీ లెడ్ యాసిడ్ కోసం చేసిన ఛార్జర్ వోల్టేజీ వాటికి పూర్తిగా సరిపోకపోవచ్చు. లోపలి రక్షణ సర్క్యూటు యూపీఎస్ ఒక్కసారిగా లాగే కరెంటును చూసి ఆపేయచ్చు కూడా, అంటే సరిగ్గా అవసరమైన క్షణంలో. యూపీఎస్ తయారీదారు ఆ మోడల్‌కు సరేనంటే తప్ప వేయకండి.

పెద్ద కారు బ్యాటరీ బయట పెట్టి వైర్లు లాగడం ఇంకా చెడ్డ ఆలోచన. చిన్న యూపీఎస్ లోపలి భాగాలు పది ఇరవై నిమిషాలు నడిచేంత వేడిని తట్టుకునేలానే చేస్తారు, రెండు గంటలు నడిపితే మాడతాయి. దాని చిన్న ఛార్జర్‌కు పెద్ద బ్యాటరీని నింపడానికి రోజులు పడుతుంది. కారు బ్యాటరీ ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది, అది మూసిన గదిలో ఉండాల్సింది కాదు. ఎక్కువసేపు బ్యాకప్ కావాలంటే అందుకు తగ్గ ఇన్వర్టర్ పెట్టుకోవడమే దారి.

## పాత బ్యాటరీని ఏం చేయాలి

చెత్తబుట్టలో వేయకండి. సీసం నేలలోకి, నీళ్లలోకి చేరితే పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీసే విషం. మళ్లీ కరిగించి వాడుకోవడంలో సీసం చాలా సులువైన లోహం, పాత బ్యాటరీలోని సీసమే కొత్త బ్యాటరీల్లోకి వెళ్తుంది. అందుకే బ్యాటరీలు అమ్మేవాళ్లలో చాలామంది పాతది తీసుకుంటారు, ధరలో తగ్గిస్తారు కూడా. కొత్తది కొనేటప్పుడే అడగండి. ఇంట్లో పగలగొట్టి సీసం తీయాలని మాత్రం ఎవరూ ప్రయత్నించకూడదు.

ఇచ్చే దాకా రెండు టెర్మినళ్ల మీదా టేప్ అంటించి, ప్లాస్టిక్ డబ్బాలో నిలువుగా, పిల్లలకు అందని చోట ఉంచండి. చచ్చిన బ్యాటరీలో కూడా రవ్వలు పుట్టించేంత కరెంటు మిగిలి ఉంటుంది. ఉబ్బినదో, కారినదో అయితే అడుగున వంటసోడా చల్లిన డబ్బాలో పెట్టి, తీసుకునే మనిషికి ఆ సంగతి ముందే చెప్పి అందించండి.